తెంకాశి మనిషి

యుద్ధంలో తాము చూసింది ముప్పై ఆరు మంది వచ్చి చెప్పి వెళ్ళారు. ముప్పై ఏడోవాడు ఇరులప్పన్. వాడు మాత్రం ఎన్నిసార్లు కబురు పెట్టినా రాలేదు.

మొదటిసారి జ్వరమన్నాడు. రెండోసారి అన్నదమ్ముల పంపకాలన్నాడు. పంచుకోవడానికి ఆ గుడిసెలో ఒక కుండా ఒక పారా తప్ప ఏమున్నాయో వాడికే తెలియాలి. మూడోసారి వెంకటరామ రాజా పాలేరును పంపి మరీ పిలిపించాడు. పెద్దరాజా మూడుసార్లు పిలిస్తే రాకుండా ఉండగల కూలివాడు రాజపాళెంలో ఇంకా పుట్టలేదు. అందుకని అరవ లెక్కన ఆడి నెల చివరి వారం, సోమవారం పొద్దున, పడమటి కొండల మీంచి గాలి వీధి దుమ్మంతా లేపుతుంటే, ఇరులప్పన్ తలగుడ్డ చంకలో పెట్టుకుని వచ్చి మెట్ల కింద నిలబడ్డాడు.

అరుగు మీద పడక కుర్చీలో పెద్దాయన ఉన్నాడు. ఎదురరుగు ఖాళీగా ఉంది. పటాలానికి పోయి వచ్చిన రాజుల ఇళ్ళవాళ్ళయితే అక్కడ కూర్చుని, మజ్జిగ తాగుతూ చెప్పేవారు. మిగతావాళ్ళు వీధిలో నిలబడి చెప్పాలి. బర్మాలో అందరూ ఒకే బురదలో పడుకున్నారట. ఆ సంగతి రాజపాళెం వీధికి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు.

కుర్చీ వెనక కిటికీ, కిటికీకి పాత చీర తెర. తెర వెనక నేల మీద వాలు పెట్టె ముందు పంకజం కూర్చుని ఉంది. ఆమె పెద్దాయన కోడలు. వచ్చినవాళ్ళు చెప్పేదంతా రాస్తున్నది ఆమే. పెద్దాయన కళ్ళకు పొరలు కమ్మి మూడేళ్ళయింది, చెయ్యి ఎదురుగా పెట్టుకుంటే వేళ్ళు లెక్క పెట్టలేడు. ఊళ్ళో వాళ్ళకి అదేం పట్టలేదు. పెద్దరాజా పగలంతా విని, తీరిగ్గా గుర్తు తెచ్చుకుని రాసుకుంటాడని చెప్పుకునేవారు. ఆ వయసులో ఆయన జ్ఞాపకశక్తిని మెచ్చుకోనివాళ్ళు లేరు. పంకజం ఆ మెప్పులు తెర వెనక నుంచి విని, వాటిని కూడా రాయమంటారేమోనని నవ్వుకునేది.

పరాయి మగవాళ్ళ ముందు ఆ ఇంటి ఆడవాళ్ళు కూర్చోరు. ఆడమనిషి వింటోందని తెలిస్తే మగవాళ్ళు నోరు విప్పరు. అందుకే ఈ ఏర్పాటు. ఉక్కు కలం అయితే గీరుకుని చప్పుడవుతుందని పెద్దాయన పెన్సిలుతో రాయించేవాడు. చెప్పేవాడి వేగం అందుకోలేకపోతే ఆమె కిటికీ కమ్మీకి గాజు తగిలించాలి. అప్పుడు పెద్దాయన దగ్గి, నిదానంగా చెప్పమనేవాడు. లోపల ఆడవాళ్ళ పని సందడి అనుకునేవారు వచ్చినవాళ్ళు. ఆ ఊళ్ళో నోటితో మాట్లాడేది తెలుగు, బళ్ళో నేర్పేది అరవం. అందుకని వాళ్ళ తెలుగు మాటలన్నీ ఆమె అరవ అక్షరాలతో, పలికింది పలికినట్టు రాసేది.

పెద్దాయన పట్టుదల ఒకటే. మొదటి యుద్ధంలో తనతో బస్రా పోయిన పదకొండు మందిలో ఒక్కడి మాట కూడా మిగల్లేదు. ఈసారి అట్లా కాకూడదు. ఈ శుక్రవారం ఈ మాటలన్నీ రాసిన నోటు పుస్తకం సావడికి పోతుంది. కులపెద్దలందరి ఎదుటా చదువుతారు. సావడిలో చదివినప్పుడు ఎవరూ కాదనకపోతే అదే ఊరి మాట. ఆ తర్వాత దాన్ని మార్చడం ఎవరి తరమూ కాదు.

“మీది ఏ పటాలం?” అని మొదలుపెట్టాడు పెద్దాయన.

“రోడ్డు వేసే పటాలం సామీ. మా చేతికి తుపాకీ ఇయ్యలేదు. పార, గడ్డపార ఇచ్చినారు.”

నేల చూపులు చూస్తూ మొదలుపెట్టాడు ఇరులప్పన్. పని సంగతికి వచ్చేసరికి బెరుకు పోయింది. బురదలో లారీ చక్రం దిగబడకుండా వెదుళ్ళు నరికి అడ్డంగా పేర్చేది, వాటి మీద గులకరాళ్ళు పరిచి దిమ్మిస కొట్టేది, వాన వస్తే మళ్ళీ మొదటికి వచ్చేది, అన్నీ చేతులతో చూపించి చెప్పాడు. పంకజం వెనకబడి గాజు తగిలించింది. పెద్దాయన దగ్గాడు. “నిమ్మళంగా చెప్పు. తొందరేముండాది?”

అంతా అయ్యాక ఆఖరి ప్రశ్న వేశాడు. ప్రతివాణ్ణీ ఆఖరున అదే అడిగేవాడు.

“మా శంకరుడు లారీల పటాలంలో హవల్దారు. బర్మాలోనే ఉండినాడు. నలబై రెండులో కనబడలేదని సర్కారు కాగితం వచ్చింది. ఎక్కడన్నా చూసినావా?”

ఆ ప్రశ్నను పంకజం ముప్పై ఆరు సార్లు రాసింది. దాని కింద ‘లేదు’ అని కూడా ముప్పై ఆరు సార్లు రాసింది. శంకరుడు ఆమె మొగుడు. నోటు రాయడానికి ఆమె ఒప్పుకున్నది ఊరి మీద ప్రేమతో కాదు, ఈ ఒక్క ప్రశ్న కోసం. ఇప్పుడు కూడా ‘లేదు’ అని రాయడానికి పెన్సిలు ముందే కాగితం మీద ఆనించింది.

ఇరులప్పన్ తలగుడ్డను ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చాడు.

“చూసినాను సామీ,” అన్నాడు.

పెద్దాయన కుర్చీలో ముందుకు జరిగాడు. “ఎప్పుడు?”

“ఆ యేడు వైకాశి నెలలోనే. చింద్విన్ ఏరు దాటినాక. లారీలంతా ఏటి గట్టునే కాల్చేసినారు, ఇంక అందురికీ నడకే. దోవ పక్కన ఒకాయన పడుకోని తనలో తాను మాట్లాడుకుంటా ఉండినాడు. పోయేవాళ్ళకు ఎవురికీ అర్థం కాలేదు. నాకు అర్థమయింది సామీ. మన ఊరి తెలుగు. దగ్గిరికి పోయి చూస్తే చిన్నరాజా.”

పంకజం రాస్తూనే ఉంది. చెవిన పడింది చేతిలోకి పోతోందిగాని లోపలికి ఇంకా దిగలేదు.

“వాంతిబేది సామీ. కాళ్ళు నిలవలేదు. ఎవురి కొడుకువిరా అని అడిగినారు. చెప్పినాను. చెయ్యి చాపినారు. రెండు దినాలు వీపున ఎత్తుకోని నడిచినాను. మా పటాలం ముందుకు పోయింది, నేను పోలేదు. ఇనప టోపీలో బియ్యం ఉడికించి కంజి పోసినాను. తాగినారు. ఇంకొంచెం పోయమని అడిగి తాగినారు.”

పెద్దాయన వీధి ఆ చివరకీ ఈ చివరకీ తల తిప్పాడు, ఎవరైనా వింటున్నారేమోనని. నీ చేత్తోనా అని అడగలేదు. అడగకపోయినా ఇరులప్పన్‌కు వినబడింది.

“వేరే ఎవురూ లేరు సామీ.”

“తరవాత?”

“అమావాస్య పోయిన మూడోనాడు, తెల్లారేటప్పుడు ప్రాణం పోయింది. ఒకటే వాన. కట్టెలంతా తడిసి ఉండినాయి. మధ్యాన్నం దాకా చూసినాను, అగ్గి అంటుకోలేదు. పారతో గుంత తవ్వి, నక్కలు రాకుండా పైన రాళ్ళు పేర్చినాను. నా చేత్తోనే చేసినాను. తప్పయితే అది నా తల మీదనే పోనీ సామీ.”

ఇరులప్పన్ ఒక మెట్టు దగ్గరికి జరిగాడు.

“ముందు రేయి తెలివిగా ఉండినారు. ఇంటికి ఒక మాట చెప్పమన్నారు. మా నాయనతో చెప్పు అని—”

“చాలు.”

“అదొక్కటి చెప్పేస్తే నా బరువు దిగిపోతాది సామీ.”

“చాలు అన్నాను గదా.”

తెర వెనక పెన్సిలు ఆగింది. కాపురానికి వచ్చి పదేళ్ళు. ఆ పదేళ్ళలో వీధి అరుగు మీదికి పంకజం గొంతు ఒక్కసారి కూడా పోలేదు. ఇప్పుడు ఎట్లా పోయిందో ఆమెకే తెలియదు.

“ఏమని చెప్పినారు?” అంది.

ఇరులప్పన్ ఉలిక్కిపడి కిటికీ వైపు చూశాడు. తెర కింద, కమ్మీల మధ్య, ఎర్ర గాజుల చెయ్యి కనబడింది. ఆ ఇంట్లో ఆ వయసు గొంతు ఎవరిదో ఊళ్ళో అందరికీ తెలుసు. ఇంతసేపూ తను చెప్పింది పెద్దరాజా ఒక్కడికే అనుకున్నాడు.

“చిన్నమ్మ లోపల ఉండాదా సామీ?”

ఇరులప్పన్ రెండడుగులు వెనక్కి వేసి, తలగుడ్డ చేతిలో నలిపాడు.

“నేను తప్పు చెప్పినాను తల్లీ. ఆయన చిన్నరాజా కాదు. ముఖం ఒకటే మాదిరి ఉండింది. జ్వరంలో నాకే కళ్ళు సరిగా లేవు. ఆయన వేరే హవల్దారు, తెంకాశి ఆయన. అవును, తెంకాశి అనే చెప్పినారు. చిన్నరాజాను నేను చూడనే లేదు.”

ఇంకేమీ అడగనివ్వకుండా దండం పెట్టి వెళ్ళిపోయాడు. పరుగెత్తలేదుగాని, పరుగెత్తినట్టే పోయాడు.

గాలి ఒకసారి తగ్గి మళ్ళీ లేచింది. పెద్దాయన వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

“విన్నావు గదా అమ్మా. తెంకాశి మనిషి. అట్లే రాయి. ముందుది కొట్టేయి.”

పంకజం రాసింది. ముందుది మాత్రం కొట్టెయ్యలేదు. ఆ కాగితం మడిచి నోటు వెనక అట్టలో దోపి, కొత్త కాగితం మీద తెంకాశి మనిషిని రాసింది. అబద్ధమని తెలుసు. అబద్ధం ఆడినవాడు తన మీద జాలితోనే ఆడాడనీ తెలుసు. పావుగంటలో ఆమె విధవ అయింది, మళ్ళీ ముత్తయిదువ అయింది. రెండుసార్లూ ఆమెను అడిగినవాళ్ళు లేరు.

*

ఆ ఇంట్లో ఏడవాలన్నా ఒక కారణం చూపించాలి. మంగళవారం పొద్దున పంకజం కడుపు నొప్పి అని చెప్పి కాసేపు పడుకుంది. అత్త కనకం వాము నూరి ఇచ్చింది, దగ్గరుండి మింగించింది, తల నిమిరింది. అంత ఆప్యాయంగా చూసుకునే మనిషి ముందు దొంగలా పడుకోవాల్సి రావడం కంటే తిట్టించుకోవడమే మేలనిపించింది ఆమెకి.

ముందురోజు, సోమవారం సాయంత్రం, కనకం అడగనే అడిగింది. “ఇరులప్పన్ వచ్చినాడంట గదా. ఏమన్నా చెప్పినాడా?” పెద్దాయన పీట మీద కూర్చుని, ముద్ద కలుపుతూ, “వాడికేమి తెలుస్తాది” అన్నాడు. తర్వాత ఆ ముద్ద తినలేదు. అది కనకం చూడలేదు, పంకజం చూసింది.

మధ్యాహ్నం పెరట్లోకి వేలమ్మాళ్ వచ్చింది. ఇరులప్పన్ పెళ్ళాం, ఆ ఇంటి గొడ్లచావిడి ఊడ్చేది ఆమే. పేడ తట్టకెత్తుతుంటే పంకజం బావి దగ్గర నిలబడి పిలిచింది.

“మీ ఆయన్ను ఒకసారి ఈ పక్క రమ్మను వేలమ్మా.”

“ఆయన ఊళ్ళో లేడు తల్లీ.”

“ఎక్కడికి పోయినాడు?”

“మంసాపురం. మీ చేనులో బావి పూడిక తియ్యాలంట. పెద్దరాజా పొమ్మన్నారు. శనివారం దాకా రావొద్దన్నారు.”

శుక్రవారం సావడి. శనివారం దాకా వాడు రాకూడదు. పెద్దాయనకు కళ్ళు లేకపోయినా లెక్క తప్పలేదని పంకజానికి ఒళ్ళు మండింది. ఆయన మీద అంత కోపం ఆమెకి ఎప్పుడూ రాలేదు.

“నీతో ఏమన్నా చెప్పినాడా?”

“నాకేమీ తెలియదు తల్లీ,” అంది వేలమ్మాళ్. అంటూనే ఆమె చూపు పంకజం జడలో ఉన్న మల్లెపూల మీదికి పోయి, చటుక్కున పక్కకు తిరిగింది. తట్ట ఎత్తుకోవడానికి మామూలుగా ఒక చెయ్యి సాయం అడిగేది. ఆ రోజు అడగలేదు. ఒక్కతే మోకాలు ఆనించి ఎత్తుకుని వెళ్ళిపోయింది. దాన్ని బట్టి ఆ గుడిసెలో అందరికీ తెలుసని పంకజానికి అర్థమైంది. ఊరి బయట గుడిసెల్లో తెలిసిన సంగతి ఊళ్ళో ఇంట్లో తెలియకూడదన్నమాట.

సాయంత్రం కనకం దువ్వెన పట్టుకుని పిలిచింది. నాలుగేళ్ళుగా ఒక్క పూట తప్పకుండా కోడలికి జడ వేసి పూలు పెట్టేది ఆమె. కొడుకు తిరిగి వచ్చేసరికి పెళ్ళాం బోసిగా కనబడకూడదని ఆమె మొక్కు. పుట్టింటికి పంపమన్నా అందుకే పంపేది కాదు. సేత్తూరు ఎంత దూరం, బండి కడితే పొద్దెక్కక ముందే చేరొచ్చు, అయినా మొగుడు వచ్చే వేళకి నువ్వు ఇంట్లో లేకపోతే ఎట్లా అనేది. తమ్ముడి పెళ్ళికి కూడా పంకజం పొద్దున పోయి సాయంత్రానికి తిరిగి వచ్చింది.

పంకజం తల వంచింది. పూలు వద్దంటే చెప్పినట్టవుతుంది. పెట్టించుకుంటే దేవుడి ముందు అబద్ధం ఆడినట్టవుతుంది. ఎటు పోవడానికీ సందు లేదు.

“ఏమే, మెడ అంత బిగదీసినావు?” అంది కనకం.

“నొప్పిగా ఉండాది అత్తా.”

“దిష్టి తగిలింటాది. శుక్రవారం ఉప్పు తిప్పి పోస్తాను.”

ఆ పూలు తలలో ఉన్నంతసేపూ పంకజానికి మోయలేనంత బరువుగా ఉంది. శంకరుడు లేడన్న దుఃఖం ఒకటి, ఆ దుఃఖం తనది కాకుండా చేశారన్న కసి ఒకటి. రెండోదే ఎక్కువ నలిపింది. ఆయన చనిపోయే ముందు ఒక మాట చెప్పాడు. ఆ మాట మంసాపురం బావిలో పూడిక తీస్తోంది.

*

బుధవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్దాయన నోటు తెమ్మన్నాడు. సావడి లెక్కలు చూసే సుదర్శన రాజా మర్నాడు వచ్చి తీసుకుపోతాడు. ఇచ్చేముందు ఆఖరు నాలుగైదు ఒకసారి వినాలని ఆయన కోరిక. ఇంటి మధ్య కూడంలో ఊయలబల్ల మీద కూర్చున్నాడు. కనకం గోడకి చేరగిలి, ఒళ్ళో పత్తి పెట్టుకుని, శుక్రవారం దీపాలకి వత్తులు చేస్తోంది. మామూలుగా యుద్ధం మాటలు ఆమెకి గిట్టవు, లేచిపోయేది. ఆ రోజు వత్తులు సగంలో ఉండి కదల్లేదు.

పంకజం చదివింది. సత్రపట్టి వాడి తుపాకీ సంగతి, వేలుసామి ఓడ సంగతి అయ్యాక ఇరులప్పన్ వంతు వచ్చింది. రోడ్లు, వెదుళ్ళు, దిమ్మిస. ఆ తర్వాత తెంకాశి మనిషి. అతను దోవ పక్కన పడి ఉండటం, రెండు రోజులు వీపున మోయడం, గుంత తవ్వడం. ‘ముఖం ఒకటే మాదిరి ఉండింది. చిన్నరాజాను నేను చూడలేదు’ అని ముగిసింది.

“సరిగా ఉండాది,” అన్నాడు పెద్దాయన. “రేపు సుదర్శన వస్తే ఇచ్చేయి.”

పంకజం నోటు మూయలేదు. రెండు రోజులుగా ఆమె చెయ్యని ఆలోచన లేదు. ఎదిరించి నిలబడితే కోడలు నోరెత్తిందన్న మాటే మిగులుతుంది, అసలు మాట వెనక్కి పోతుంది. అందుకని ఎదిరించలేదు. మామగారి మాటే నమ్మినట్టు మాట్లాడింది.

“మామా, ఈ తెంకాశి ఆయనకు ఇంట్లో వాళ్ళు ఉంటారు గదా,” అంది.

“ఉంటారు. దానికేమి?”

“వాళ్ళకు తెలిసి ఉండదు. ఇరులప్పన్ తప్ప చూసినవాడు లేడు గదా.”

పెద్దాయన ఊయల కాలితో ఆపాడు. పంకజం మెల్లగా, చదివినట్టే చెప్పుకుపోయింది.

“రైలెక్కితే తెంకాశి ఒక పూట మామా. ఎవురినన్నా పంపితే సరిపోతాది. పటాలంలో హవల్దారు, నలబై రెండు వైకాశిలో, అమావాస్య పోయిన మూడోనాడు పోయినాడని చెప్పి విచారిస్తే ఇల్లు దొరక్కుండా పోతాదా. తిథి కూడా తెలిసిందే గదా మనకు.”

వత్తి చేస్తున్న కనకం చెయ్యి ఆగింది. “ఎవురే ఆ తెంకాశి ఆయన? పెళ్ళాం ఉండాదా ఆయనకు?”

“ఉంటాది అత్తా. హవల్దారు అంటే పెళ్ళయ్యే ఉంటాది.”

“అయ్యో పావం,” అంది కనకం. “నాలుగేండ్లా? ఆ పిల్ల రోజూ పూలు పెట్టుకోని వీధి చూస్తా కూర్చోని ఉంటాది గదా. ఆయప్పకు నాలుగేండ్లుగా ఒక ముద్ద పెట్టేవాడు లేడు, నీళ్ళు వదిలేవాడు లేడు. కన్నతల్లి ఉంటే ఆమె గతి ఏమి?” పత్తి పక్కన పెట్టి మొగుడి వైపు తిరిగింది. “తెలిసి తెలిసి మనం చెప్పకుండా ఉంటే అది మన ఇంటికి తగలదా? రేపే ఒక మనిషిని పంపండి.”

పెద్దాయన పలకలేదు.

“ఏమి, పలకరేమి? మన బిడ్డ కనబడకుండా పోయి మనం పడే పాట్లు మీకు తెలియదా? ఎవురన్నా వచ్చి మంచో చెడో చెప్తే చాలని నేను ఎన్ని దేవుళ్ళకు మొక్కినాను. ఆ తల్లి కూడా అట్లే మొక్కుకుంటా ఉంటాది. పొద్దున బండికి పంపుతారా లేదా?”

కోడలైతే ఒక్క కసురుతో నోరు మూయించి ఉండేవాడు. నలభై ఏళ్ళు కాపురం చేసిన ఆడది, ఏ పాపమూ ఎరగకుండా, జాలితో అడుగుతోంది. పెద్దాయన రెండు చేతులతో ఊయల గొలుసులు పట్టుకున్నాడు. పంకజానికి ఒక్క క్షణం ఆయన మీద జాలి వేసింది. అయినా కల్పించుకోలేదు.

“తెంకాశిలో అట్లాంటి ఆడది లేదు కనకం,” అన్నాడు చివరికి.

“మీకెట్ల తెలుసు?”

పెద్దాయన చెయ్యెత్తి పంకజం ఉన్న వైపు చూపించాడు. చూపు లేని చెయ్యి కాస్త పక్కకి పోయి, ఖాళీ గోడ మీద నిలిచింది.

“ఆ ఆడది ఇక్కడ ఉండాది,” అన్నాడు.

కనకం గోడ వైపు చూసింది. ఆ తర్వాత కోడలి వైపు చూసింది. ఒళ్ళో వత్తులు నేల మీద రాలాయి. ఆమె పెద్దగా ఏడుస్తుందని, గుండె ఆగిపోతుందని పెద్దాయన రెండు రోజులుగా వణికిపోతున్నాడు. కనకం ఏడవలేదు. మోకాళ్ళ మీద పాకుతూ వచ్చి పంకజం ముందు కూర్చుంది.

“నీకు తెలుసునా?”

“సోమవారం తెలిసింది అత్తా.”

“మరి నిన్న పూలు ఎందుకు పెట్టించుకున్నావు?”

“వద్దంటే మీకు తెలిసిపోతాది గదా.”

అప్పుడు ఏడ్చింది కనకం. కోడలి భుజం మీద తల ఆనించి, గొంతు పైకి రాకుండా ఏడ్చింది. మూడు రోజులుగా దొరకని ఏడుపు పంకజానికి కూడా అప్పుడే దొరికింది. ఊయలబల్ల మీద పెద్దాయన ఒక్కడే కదలకుండా కూర్చున్నాడు. ఆయన్ని ఓదార్చేవాళ్ళు లేరు. ఓదార్చమని అడిగే ముఖం కూడా ఆయనకు లేదు.

“ఆకలితో పోయినాడా?” అని అడిగింది కనకం కాసేపటికి.

పంకజం నోటు వెనక అట్టలోంచి మడిచిన కాగితం తీసి చదివింది. ఇనప టోపీలో బియ్యం ఉడికించడం, కంజి తాగి ఇంకొంచెం పోయమని అడగడం.

“ఎవురు పోసింది?”

“ఇరులప్పన్.”

ఎవరైనా వింటారేమోనని వీధి వైపు తల తిప్పుతూ ఆ రోజు మామ విన్న మాటే ఇది. కనకం ముక్కు చీదుకుని, “వాడు సల్లంగా ఉండాల,” అంది. “ఇంకా ఏమి చెప్పినాడు?”

“మీ కొడుకు ఇంటికి ఒక మాట చెప్పమన్నారంట. ఏమి మాటో చెప్పనియ్యలేదు.”

ఎవరు చెప్పనివ్వలేదో కనకం అడగలేదు. లేచి నిలబడి చీర సర్దుకుంది. “మంసాపురానికి బండి కట్టమని చెప్పండి,” అంది మొగుడితో.

*

గురువారం పొద్దున బండి దిగిన ఇరులప్పన్ కాళ్ళకి ఇంకా బావి బురద ఆరలేదు. మెట్ల కింద ఎప్పటి చోటే నిలబడ్డాడు. ముఖంలో భయం తప్ప ఏమీ లేదు. చిన్నరాజాను తన చేత్తో పూడ్చిన సంగతి మీద పంచాయతీ పెడతారనుకున్నాడు.

అరుగు మీద పెద్దాయన ఉన్నాడు. తలుపు తీసుకుని కనకం బయటికి వచ్చి గడపలోనే కూర్చుంది. వీధిలో పోయే ఒకరిద్దరు ఆగి చూశారు. చూస్తే చూడనీ అన్నట్టు ఆమె తల తిప్పలేదు. కిటికీ తెర ఎవరో పక్కకి లాగేశారు. కమ్మీల వెనక పంకజం, ఆమె ముందు నోటు, అన్నీ బయటికి కనబడుతున్నాయి. ఆమె తలలో ఆ రోజు పూలు లేవు.

“పైకి రా,” అంది కనకం.

“పరవాలేదు తల్లీ, ఇక్కడనే—”

“నా బిడ్డను రెండు దినాలు మోసినావే, మూడు మెట్లు ఎక్కలేవా?”

ఇరులప్పన్ రెండు మెట్లెక్కాడు. మూడోది ఎక్కలేదు. అక్కడే మెట్టు మీద, కాళ్ళు వీధిలోకి పెట్టి, పక్కకి తిరిగి కూర్చున్నాడు. అంతకంటే ఎవరూ బలవంతం చెయ్యలేదు.

“తెంకాశి మాట తీసేయి,” అన్నాడు పెద్దాయన వాడితో. “నేనే శంకరుణ్ణి మదురైకి తోడుకోని పోయి పటాలంలో చేర్పించినాను. వద్దు నాయనా అని ఇంట్లోనే చెప్పినాడు, నేను వినలేదు. పోయేటప్పుడు నన్ను తిట్టి పోయింటాడు, అది నీ నోట వినలేననుకున్నాను. తిట్టినా సరే. ఉన్నది ఉన్నట్టు చెప్పు.”

ఇరులప్పన్ కిటికీ వైపు చూశాడు. చెప్పమన్నట్టు పంకజం తల ఊపింది. వాడు గొంతు సవరించుకుని, నాలుగేళ్ళుగా మోస్తున్న మాటను ఒక్కొక్క ముక్కా పొల్లు పోకుండా అప్పజెప్పాడు.

“‘మా నాయనతో చెప్పు. నేను రాలేదంటే మా ఇంట్లో ఆ పిల్లను కాచుకోమని కూర్చోబెడతారు. కూర్చోబెట్టొద్దని చెప్పు. దానికి ఇరవై రెండేండ్లు. సేత్తూరులో వాళ్ళమ్మ దగ్గిరికి పంపించమను. దాని ఇష్టం వచ్చినట్టు ఉండనీమను. నేను చెప్పినానని చెప్పు.’ ఇంతే సామీ.”

పెద్దాయన ఇంకా ఏదో వస్తుందని ఎదురుచూశాడు.

“నా మీద ఏమన్నా?”

“లేదు సామీ. మీ మీద ఒక మాట లేదు. ఇదొక్కటే రెండుసార్లు చెప్పినారు, నన్ను కూడా చెప్పించి చూసుకున్నారు.”

కనకం కొంగుతో నోరు నొక్కుకుంది. పెద్దాయన తల మెల్లగా కిందికి దిగింది. కొడుకు తిట్టి ఉంటే ఆయన ఎట్లాగో భరించేవాడేమో. నాలుగేళ్ళు ఆ పిల్లను కూర్చోబెట్టింది తామే. ఆఖరి మూడు రోజులు తెలిసి తెలిసి కూర్చోబెట్టింది తనొక్కడే.

లోపల పెన్సిలు కదలడం ఆగింది.

“రాసినావా అమ్మా?” అని అడిగాడు.

“రాసినాను మామా.”

“చదువు.”

పంకజం చదివింది. ఆ పిల్లను కాచుకోమని కూర్చోబెడతారు. కూర్చోబెట్టొద్దని చెప్పు. అక్కడిదాకా గొంతు బాగానే వచ్చింది. దానికి ఇరవై రెండేండ్లు అని చదివి ఆగిపోయింది. పెద్దాయన తల ఎత్తాడు.

“ఏమయింది? అక్షరం తెలియలేదా?”

“ఇప్పుడు ఇరవై ఆరు మామా,” అంది పంకజం.

వీధిలో ఆగినవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెద్దాయన కిటికీ వైపు తల తిప్పాడు.

“అదీ రాయి,” అన్నాడు.

ఆమె రాసింది.